చెక్ ఇంజిన్ లైట్ వెలిగిందా? కోడ్ చదవడం నుంచి అసలు లోపం పట్టుకునే దాకా

చెక్ ఇంజిన్ లైట్ వెలిగిన బండి మీద డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది స్కానర్ పెట్టిన తర్వాతి పది నిమిషాల్లోనే. తెర మీద ఒక కోడ్ వస్తుంది, పక్కన ఏదో సెన్సర్ పేరు ఉంటుంది, ఆ సెన్సర్ కొని మార్చేస్తారు. లైట్ రెండు రోజులు ఆరి, మూడో రోజు మళ్లీ వెలుగుతుంది. ఈ తప్పు నేనూ చేశాను. ఆక్సిజన్ సెన్సర్ పేరు కనిపించగానే దాన్ని మార్చాను, అదే కోడ్ తిరిగొచ్చింది. చివరికి చూస్తే ఇన్‌టేక్ వెనక వేలెడంత రబ్బరు గొట్టం పగిలి గాలి పీల్చుకుంటోంది. సెన్సర్ మొదటి నుంచీ నిజమే చెబుతోంది. నిజం చెప్పినందుకు దాన్నే పీకేశాను.

అందుకే ఇక్కడ కోడ్ల పట్టిక ఇవ్వడం లేదు, పట్టికలు ఎక్కడైనా దొరుకుతాయి. కోడ్ చేతికొచ్చాక ఏ వరసలో వెతకాలో చెబుతాను. ఉదాహరణలు ఎక్కువగా పెట్రోల్ ఇంజిన్‌వి, పద్ధతి మాత్రం డీజిల్‌కీ ఇదే.

ముందు ఈసీయూకి ఏం తెలుసో తెలుసుకోండి

ఇంజిన్ కంట్రోల్ యూనిట్, అంటే మనం ఈసీయూ అనే పెట్టెకు కళ్లూ చెవులూ లేవు. దానికి తెలిసేవల్లా తీగల మీద వచ్చే వోల్టేజీలు, పల్సులు. కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌నే తీసుకోండి. ఈసీయూ లోపలి నుంచి 5 వోల్టులు ఒక రెసిస్టర్ దాటి సెన్సర్‌కు వెళ్తాయి. సెన్సర్ వేడెక్కే కొద్దీ దాని నిరోధం తగ్గుతుంది, తీగ మీద వోల్టేజీ కూడా తగ్గుతుంది. ఆ వోల్టేజీని చూసి ఈసీయూ ఇంజిన్ వేడిని లెక్క కడుతుంది.

ఇప్పుడు ఆ తీగ తెగిందనుకోండి. వోల్టేజీ 5 దగ్గరే నిలిచిపోతుంది. ఈసీయూ లెక్కలో ఇంజిన్ మైనస్ 40 డిగ్రీల చలిలో ఉన్నట్టు. అదే తీగ ఎర్త్‌కు తగిలితే వోల్టేజీ సున్నా, ఇంజిన్ కుతకుత ఉడుకుతున్నట్టు. మొదటిదానికి పీ0118 వస్తుంది, రెండోదానికి పీ0117. రెండు సందర్భాల్లోనూ సెన్సర్ భేషుగ్గా ఉండొచ్చు. అయినా కోడ్ వివరణలో సెన్సర్ పేరే ఉంటుంది, ఎందుకంటే ఈసీయూకి ఆ తీగ ఆ పేరుతోనే పరిచయం.

అంటే ప్రతి కోడ్ వెనకా ముగ్గురు అనుమానితులుంటారు: సెన్సర్, దాని తీగలు, ఆ సెన్సర్ కొలుస్తున్న అసలు విషయం. నాలుగోది ఈసీయూ. అది చెడిపోవడం అరుదు కాబట్టి దాన్ని అన్నిటికన్నా చివర పెట్టుకోండి.

కోడ్‌లోని 5 అక్షరాలు

అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి ఓబీడీ-2 (బండి తన లోపాలను తానే కనిపెట్టి కోడ్లుగా చెప్పే ప్రామాణిక పద్ధతి) తప్పనిసరి అయింది, యూరప్‌లో పెట్రోల్ కార్లకు 2001లో అలాంటి నియమమే వచ్చింది. ఆ తర్వాత చాలా దేశాల బళ్లు అదే దారి పట్టాయి కాబట్టి కోడ్ రూపం దాదాపు అంతటా ఒక్కటే. మొదటి అక్షరం పీ అయితే ఇంజిన్, గేర్‌బాక్స్. సీ అయితే బ్రేకులు, స్టీరింగ్ లాంటి ఛాసీ భాగాలు. బీ అయితే బాడీ, ఎయిర్‌బ్యాగులు. యూ అయితే కంప్యూటర్ల మధ్య సంభాషణలో లోపం.

రెండోది సున్నా అయితే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం. 1 అయితే అది కంపెనీ సొంత కోడ్, అర్థం కోసం ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌నే చూడాలి. ఒక కంపెనీ పీ1xxx అర్థాన్ని ఇంకో కంపెనీ బండికి అంటగట్టొద్దు, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మూడో అంకె విభాగాన్ని చెబుతుంది: 1 అయితే గాలి, ఇంధనం కొలత, 3 అయితే ఇగ్నిషన్, మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగ్గా అంటుకోకపోవడం), 4 అయితే పొగ నియంత్రణ పరికరాలు, 7, 8 అయితే గేర్‌బాక్స్. చివరి రెండు అంకెలు అసలు లోపానివి.

అంకెల కన్నా వివరణలోని చివరి మాటలు ముఖ్యం. 'సర్క్యూట్ లో' (అంటే తక్కువ), 'సర్క్యూట్ హై' (ఎక్కువ) అని ఉంటే అది విద్యుత్ ఫిర్యాదు, వోల్టేజీ సాధ్యమైన హద్దు దాటింది. ముందు తీగలు చూడాలి. 'రేంజ్/పెర్ఫార్మెన్స్' అని ఉంటే వోల్టేజీ హద్దుల్లోనే ఉంది, కానీ ఈసీయూకి నమ్మకం కుదరడం లేదు. మిగతా సెన్సర్ల మాటతో దీని మాట పొసగలేదు. ఇక 'టూ లీన్' (మిశ్రమంలో పెట్రోల్ మరీ తక్కువ), 'ఎఫిషియెన్సీ బిలో థ్రెషోల్డ్' (పనితీరు హద్దు కన్నా తక్కువ) లాంటివి సెన్సర్ గురించి కావు, ఇంజిన్ పనితీరు మీద ఫిర్యాదులు. ఈ మూడు రకాలనూ వేరు చేయగలిగితే సగం దారి దాటినట్టే.

'బ్యాంక్ 1' అంటే 1వ సిలిండర్ ఉన్న వైపు. 'సెన్సర్ 1' అంటే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు (పొగను శుభ్రం చేసే డబ్బాకు) ముందున్న ఆక్సిజన్ సెన్సర్, 'సెన్సర్ 2' తర్వాతది. వీ ఆకారపు ఇంజిన్లలో ఏ వైపు బ్యాంక్ 1 అన్నది కంటితో ఊహించకుండా మాన్యువల్‌లో చూడండి.

స్కానర్ పెట్టే ముందు

మొదట లైట్ ఎలా వెలుగుతోందో చూడండి. నిలకడగా వెలుగుతుంటే, బండి మామూలుగా నడుస్తుంటే, వేడి ముల్లు, ఆయిల్ లైట్ సరిగ్గా ఉంటే కంగారు లేదు, ఇంటిదాకా వెళ్లొచ్చు. మిణుకుమిణుకుమంటూ కొట్టుకుంటుంటే మాత్రం బరువు మీద, అంటే ఇంజిన్ గట్టిగా లాగేలా నడపొద్దు. మంట అందని పెట్రోల్ సైలెన్సర్ దారిలో కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతోందని దాని అర్థం. ఒక కాయిల్‌తో (స్పార్క్ ప్లగ్గుకు కరెంటు ఇచ్చే భాగంతో) పోయే ఖర్చు కన్వర్టర్ దాకా వస్తుంది.

రెండోది బ్యాటరీ. ఇంజిన్ ఆపి కాసేపయ్యాక 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పడకూడదు. ఇంజిన్ నడుస్తుంటే చాలా బళ్లలో 13.5 నుంచి 14.7 మధ్య ఉంటుంది. కొత్త బళ్లలో ఈసీయూనే ఆల్టర్నేటర్‌ను తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి అక్కడ కాస్త అటూ ఇటూ కావచ్చు. బ్యాటరీ నీరసించిన బండి సంబంధం లేని కోడ్లు పది విసురుతుంది. ముందు బ్యాటరీ సంగతి తేల్చకపోతే ఆ పదింటి వెంటా పరిగెత్తాల్సి వస్తుంది.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. లైవ్ డేటా (సెన్సర్లు అప్పటికప్పుడు చూపే అంకెలు), ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ పడిన క్షణంలోని అంకెలు) చూపించే స్కానర్ లేదా ఫోన్‌కు కలిసే ఈఎల్ఎమ్327 తరహా అడాప్టర్, ఒక డిజిటల్ మల్టీమీటర్, కనెక్టర్ వెనక నుంచి దూర్చే సన్నటి సూదులు, టార్చ్, ఆ మోడల్ వైరింగ్ డయాగ్రం. వీటిలో ఎక్కువమంది వదిలేసేది ఆఖరిదే. డయాగ్రం లేకుండా వైరింగ్ వెతకడం అంటే చీకట్లో సూది వెతకడమే. అడాప్టర్‌ను పని అయ్యాక పీకేయండి. అలాగే వదిలేస్తే కొన్ని రకాలు బ్యాటరీని మెల్లగా తినేస్తాయి. చౌక అడాప్టర్లు ఎక్కువగా ఇంజిన్ కోడ్లే చూస్తాయి, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లకు ఆ కంపెనీ బళ్లను చదవగలిగే స్కానర్ కావాలి.

కొన్ని జాగ్రత్తలు కూడా. మూసి ఉన్న గదిలో ఇంజిన్ నడపొద్దు. ఫ్యాన్ తనంతట తానే తిరుగుతుంది, చెయ్యి దూరంగా పెట్టండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బళ్లలో నారింజ రంగు కేబుళ్లు, ఏ బండిలోనైనా ఎయిర్‌బ్యాగ్‌కు వెళ్లే తీగలు (తరచూ పసుపు రంగు కనెక్టర్లు) మల్టీమీటర్‌తో ముట్టుకోవద్దు. ఈసీయూ కనెక్టర్ తీసేముందు ఇగ్నిషన్ ఆపాలి.

కోడ్లు చదివి రాసుకోండి, తుడిచేయొద్దు

16 పిన్నుల సాకెట్ సాధారణంగా స్టీరింగ్ కింద డాష్‌బోర్డు అంచున ఉంటుంది. స్కానర్ పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేయండి, ఇంజిన్ స్టార్ట్ చేయనక్కర్లేదు. వచ్చిన ప్రతి కోడ్‌నూ వచ్చిన వరసలోనే కాగితం మీద రాసుకోండి, లేదా ఫొటో తీసుకోండి.

కోడ్లు మూడు రకాలుగా కనిపిస్తాయి. పెండింగ్ అంటే ఈసీయూ ఒకసారి లోపం చూసింది, ఇంకా లైట్ వెలిగించలేదు. చాలా లోపాలకు వరసగా రెండు ప్రయాణాల్లో కనిపిస్తేనే అది ఖాయమై లైట్ వెలుగుతుంది. పర్మనెంట్ అనేది స్కానర్‌తో తుడిచినా పోదు, లోపం పోయిందని ఈసీయూ స్వయంగా పరీక్షించి ఒప్పుకుంటేనే పోతుంది.

తర్వాత ఫ్రీజ్ ఫ్రేమ్ తెరవండి. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేగం, లోడ్, కూలెంట్ వేడి, బండి వేగం, ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోల్ సవరణ) ఎంత ఉన్నాయో ఈసీయూ ఇక్కడ దాచిపెడుతుంది. నా దృష్టిలో కోడ్ కన్నా ఇదే విలువైనది. మిస్‌ఫైర్ కోడ్ చల్లటి ఇంజిన్ మీద, స్టార్ట్ చేసిన వెంటనే పడిందా? వేడెక్కాక ఎత్తు ఎక్కుతుంటే పడిందా? ఈ రెండింటికీ వెతికే చోట్లు వేరు. పైగా తర్వాత మీరు లోపాన్ని మళ్లీ రప్పించడానికి ఏ పరిస్థితిలో నడపాలో కూడా ఇదే చెబుతుంది. కోడ్ తుడిచిన మరుక్షణం ఇదంతా పోతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లే ముందు 'ఓసారి తుడిచి చూద్దాం' అనుకునేవాళ్లు ఆయన చేతిలోంచి ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ లాగేసినట్టే.

కోడ్లు గుంపుగా వస్తే

ఆరేడు కోడ్లు ఒకేసారి వస్తే ఆరేడు భాగాలు ఒకేసారి పోయాయని అనుకోవద్దు. వాటన్నిటికీ ఉమ్మడిగా ఏముందో డయాగ్రంలో చూడండి. ఒకే ఫ్యూజు కావచ్చు, ఒకే ఎర్త్ పాయింట్ కావచ్చు, ఒకే 5 వోల్టుల సరఫరా కావచ్చు. చాలా ఇంజిన్లలో థ్రాటిల్, మ్యాప్ (ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో గాలి పీడనం కొలిచేది), ఇంకా కొన్ని సెన్సర్లు ఒకే 5 వోల్టుల తీగను పంచుకుంటాయి. వాటిలో ఒక్క సెన్సర్ లోపల షార్ట్ అయినా అందరి సరఫరా కూలిపోతుంది. అప్పుడు మీటర్‌ను ఆ తీగ మీద పెట్టి, సెన్సర్లను ఒక్కొక్కటిగా పీకుతూ రండి. ఏది పీకగానే 5 వోల్టులు తిరిగొస్తాయో అదే దొంగ. అన్నీ పీకినా రాకపోతే షార్ట్ తీగలోనే ఉంది.

ఉమ్మడి కారణం దొరకకపోతే వరస ఇది: మొదట వోల్టేజీ, సంభాషణ కోడ్లు, తర్వాత సర్క్యూట్ కోడ్లు, తర్వాత మిస్‌ఫైర్, గాలి-ఇంధనం, ఆఖరున కన్వర్టర్. కింద ఉన్నవి తరచూ పైవాటి పిల్లలే.

కంటితో చూడటం

పదిహేను నిమిషాలు టార్చ్ వేసి చూడండి. ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్ దాకా గొట్టం మడతల్లో చీలికలున్నాయా, సన్నటి వ్యాక్యూమ్ గొట్టాలు ఊడాయా, కనెక్టర్ క్లిప్పు విరిగిందా, లోపల పచ్చటి చిలుము పట్టిందా, తీగ సైలెన్సర్‌కు తగిలి కరిగిందా. ఎక్కువకాలం నిలిపిన బండి అయితే ఎలుకలు కొరికిన గుర్తులు కూడా. ఈ మధ్య ఏదైనా పని జరిగి ఉంటే ముందు ఆ చోటే చూడాలి. ఫిల్టర్ మార్చిన మర్నాడు వచ్చిన కోడ్‌కు కారణం ఫిల్టర్ డబ్బా దగ్గరే ఉంటుంది, సాధారణంగా.

లైవ్ డేటా: సెన్సర్లను ఒకదాని మాట ఒకదానితో పోల్చడం

రాత్రంతా నిలిపిన బండిలో పొద్దున్నే ఇగ్నిషన్ ఆన్ చేసి చూస్తే కూలెంట్ వేడి, లోపలికి వెళ్లే గాలి వేడి దాదాపు ఒకటే ఉండాలి, బయటి వాతావరణానికి దగ్గరగా. ఒకటి 28, ఇంకొకటి 55 చూపిస్తే రెండోది అబద్ధమాడుతోంది. అప్పుడే మ్యాప్ సెన్సర్ కూడా చూడండి. ఇంజిన్ తిరగడం లేదు కాబట్టి అది బయటి గాలి పీడనం చూపాలి, సముద్ర మట్టం దగ్గర సుమారు 100 కిలోపాస్కల్స్. స్టార్ట్ చేసి వేడెక్కాక ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో అది 30–40 దాకా పడిపోతుంది. మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ (లోపలికి వెళ్లే గాలిని బరువులో కొలిచేది) ఉన్న బండి అయితే ఒక మోటు లెక్క ఉంది: వేడెక్కిన ఐడిల్‌లో సెకనుకు వచ్చే గ్రాములు ఇంజిన్ లీటర్ల సంఖ్యకు అటూ ఇటూగా ఉంటాయి. 2 లీటర్ల ఇంజిన్‌లో 2 గ్రాముల దగ్గర. ఇది ఖచ్చితమైన ప్రమాణం కాదు, సగానికి సగం తేడా ఉంటే అనుమానించడానికి పనికొస్తుంది.

ఫ్యూయల్ ట్రిమ్ మీద మాత్రం కాస్త ఎక్కువసేపు కూర్చోండి. పెట్రోల్ సరిగ్గా మండాలంటే బరువులో 14.7 పాళ్ల గాలికి 1 పాలు పెట్రోల్ కావాలి. ఈసీయూ గాలిని కొలిచి పెట్రోల్ పోస్తుంది, పొగలో మిగిలిన ఆక్సిజన్ చూసి సరిదిద్దుకుంటుంది. ఆ సవరణే ట్రిమ్. అన్నం వండేవాళ్లు ఎసరు కొలిచి పోసినా మధ్యలో మెతుకు పట్టి చూసి కాస్త నీళ్లు చిలకరించినట్టు. షార్ట్ టర్మ్ అప్పటికప్పటి సవరణ, లాంగ్ టర్మ్ అలవాటుగా మారిన సవరణ. రెండూ కలిపి ప్లస్ మైనస్ 10 శాతం లోపల ఉంటే సరే. ప్లస్ అంటే ఈసీయూ ఎక్కువ పెట్రోల్ పోస్తోంది, మైనస్ అంటే తగ్గిస్తోంది.

పీ0171: అందరూ తప్పు చేసే కోడ్

మిశ్రమంలో పెట్రోల్ తక్కువైందని, అంటే బ్యాంక్ 1 లీన్ అని ఈ కోడ్ చెబుతుంది. ప్లస్ ట్రిమ్ ఈసీయూ ఒప్పుకునే హద్దు దాటినప్పుడు, చాలా బళ్లలో 20–25 శాతం దగ్గర, ఇది పడుతుంది. కారణం ఏ వైపు ఉందో ట్రిమ్ స్వయంగా చెబుతుంది, కాకపోతే ఒక్క అంకె చూసి కాదు. వేడెక్కిన ఇంజిన్‌ను ఐడిల్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర నిలిపి ఒకసారి, రోడ్డు మీద బరువుగా లాగుతూ ఒకసారి చూడాలి. మూడోది పక్కన ఇంకొకరు కూర్చుని చూడాల్సిన పని.

ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న బండిలో ట్రిమ్ ఐడిల్‌లో ప్లస్ 25 ఉండి, 2500 దగ్గర ప్లస్ 5కి దిగితే సెన్సర్ దాటాక ఎక్కడో గాలి లీకవుతోంది. కారణం సులువు. లీకు నుంచి వచ్చే గాలి ఐడిల్‌లో మొత్తం గాలిలో పెద్ద వాటా, ఇంజిన్ ఎక్కువ గాలి పీల్చేటప్పుడు అదే లీకు చిన్న వాటా. దానికి తిరగబడి, ఐడిల్‌లో బాగానే ఉండి బరువు మీద పెరుగుతూ పోతే పెట్రోల్ అందడం లేదు: నీరసించిన పంపు, మూసుకుపోయిన ఫిల్టర్. ఫ్యూయల్ ప్రెషర్ కొలవండి. అన్నిచోట్లా ఎక్కువే ఉంటే ఎయిర్‌ఫ్లో సెన్సర్ మురికి పట్టి గాలిని తక్కువ చూపిస్తోందేమో చూడాలి. దానికి ప్రత్యేకంగా అమ్మే స్ప్రేతోనే శుభ్రం చేయాలి, గుడ్డ పెట్టి తుడిస్తే లోపలి సన్నటి తీగ తెగుతుంది.

మ్యాప్ సెన్సర్ మీదే నడిచే ఇంజిన్‌లో గాలి లీకు ఇలా కనిపించకపోవచ్చు. లీకైన గాలి కూడా మానిఫోల్డ్ పీడనంలో లెక్కకు వస్తుంది, పెట్రోల్ దానికి తగ్గట్టే పోస్తుంది, కాబట్టి అక్కడ ట్రిమ్ కన్నా ఐడిల్ ఆర్‌పీఎమ్ పెరగడమే మొదటి గుర్తు.

ఇంకో మోసం ఉంది. ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ పైపు పగిలితే బయటి గాలి లోపలికి దూరి సెన్సర్‌ను తాకుతుంది. మిశ్రమం సరిగ్గానే ఉన్నా ఈసీయూ లీన్ అనుకుని పెట్రోల్ గుమ్మరిస్తుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు టిక్ టిక్ మని వినిపించి, వేడెక్కాక తగ్గే శబ్దం దీని జాడ.

లీకు పట్టుకోవడానికి ఇన్‌టేక్‌లోకి పొగ పంపే స్మోక్ టెస్ట్ ఉత్తమం. కొందరు మండే క్లీనర్ స్ప్రే కొట్టి ఆర్‌పీఎమ్ మారుతుందేమో చూస్తారు. వేడి ఇంజిన్ మీద ఆ పని నేను చేయను.

మిస్‌ఫైర్: పీ0300 నుంచి

పీ0302 అంటే 2వ సిలిండర్ మిస్సింగ్, పీ0300 అంటే ఫలానా సిలిండర్ అని తేలని మిస్సింగ్. ఈసీయూ దీన్ని కనిపెట్టే తీరు చూడముచ్చటగా ఉంటుంది. సిలిండర్ పేలిన ప్రతిసారీ క్రాంక్‌షాఫ్ట్ కాస్త వేగం అందుకుంటుంది, పేలకపోతే ఆ ఊపు రాదు. క్రాంక్ సెన్సర్ పల్సుల మధ్య ఆ సూక్ష్మమైన తేడా చూసి ఏ సిలిండర్ వంతో లెక్క కడుతుంది.

ఒక్క సిలిండర్ అయితే కొనడం కన్నా మార్చి చూడటం మేలు. ఇంజిన్ ఆపి 2వ కాయిల్ తీసి 3కి, 3ది 2కి పెట్టండి. ఇంతకుముందు రాసుకున్నారు కాబట్టి ఇప్పుడు కోడ్ తుడవొచ్చు. నడిపాక పీ0303 వస్తే కాయిల్ దొరికినట్టే. పీ0302 అలాగే ఉంటే ప్లగ్గులు అదే విధంగా మార్చండి. ఒకేసారి కాయిల్, ప్లగ్ రెండూ మారిస్తే ఏది కారణమో తేలదు. అయినా కదలకపోతే ఇంజెక్టర్ తీగలో పల్స్ వస్తోందా చూడాలి, ఆపైన కంప్రెషన్ కొలవాలి. పీ0300 అయితే అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా ఉన్నవి వెతకాలి: పెట్రోల్ ప్రెషర్, గాలి లీకు, కల్తీ లేదా నీళ్లు చేరిన పెట్రోల్.

పీ0420 వచ్చిందని కన్వర్టర్ కొనకండి, అప్పుడే

కన్వర్టర్ పనితీరు తగ్గిందనే ఈ కోడ్ రెండో ఆక్సిజన్ సెన్సర్ ఆధారంగా పడుతుంది. మంచి కన్వర్టర్ ఆక్సిజన్‌ను దాచుకుని వదులుతుంది కాబట్టి వెనకటి సెన్సర్ వోల్టేజీ నిలకడగా ఉంటుంది, సాధారణంగా 0.6–0.7 దగ్గర. పాత తరహా ముందు సెన్సర్ 0.1 నుంచి 0.9 మధ్య ఊగుతుంది. వెనకటిది కూడా అలాగే ఊగుతుంటే కన్వర్టర్ అలిసిపోయింది. ముందు వైపు వైడ్‌బ్యాండ్ అనే వేరే తరహా ఆక్సిజన్ సెన్సర్ ఉన్న కొత్త బళ్లలో ఈ పోలిక నేరుగా కుదరదు, వెనకటి దాని నిలకడ ఒక్కటే చూడండి. పక్కన మిస్‌ఫైర్, లీన్ కోడ్లు ఉంటే ముందు అవి. ఎగ్జాస్ట్ లీకు లేదని తేల్చుకోండి. ఇంజిన్ ఆయిల్ తాగుతుంటే కొత్త కన్వర్టర్ కూడా పాడవుతుంది.

తీగను మీటర్‌తో పరీక్షించడం

సర్క్యూట్ కోడ్లకు ఒక చిటికె పరీక్ష ఉంది. టెంపరేచర్ సెన్సర్ లాంటి రెండు తీగల సెన్సర్ కనెక్టర్ పీకి లైవ్ డేటా చూడండి. మైనస్ 40 చూపాలి. కనెక్టర్ తీగల వైపున ఉన్న రెండు టెర్మినళ్లను చిన్న తీగతో కలపండి. అంకె పైకి ఎగబాకి 120 దాటాలి. రెండూ జరిగితే తీగలు, ఈసీయూ మంచివే, సెన్సర్‌దే తప్పు. జరగకపోతే సెన్సర్ కొనొద్దు. మూడు తీగల సెన్సర్ల మీద ఈ కలిపే పని చేయొద్దు. అక్కడ సరఫరా తీగ మీద 5 వోల్టులు, ఎర్త్ తీగ మీద దాదాపు సున్నా ఉన్నాయా అని మాత్రమే చూడండి.

ఇక వోల్టేజ్ డ్రాప్, అంటే కరెంటు పారుతుండగా దారిలో ఎంత వోల్టేజీ పోతోందో చూడటం. తీగను పీకి ఓమ్‌లు కొలిచి సున్నా వచ్చిందని సంతృప్తి పడకండి. ఇరవై పోగుల తీగలో ఒక్క పోగు మిగిలినా మీటర్ సున్నా దగ్గరే చూపిస్తుంది. తాడు గట్టిదా కాదా అన్నది బరువు వేలాడదీస్తేనే తెలుస్తుంది. అందుకే అన్నీ కలిపి ఉంచి, ఆ పరికరం పనిచేస్తుండగా కొలవాలి. మీటర్ ఒక కొన బ్యాటరీ నెగెటివ్‌కు, ఇంకో కొన పరికరం ఎర్త్ పిన్‌కు వెనక నుంచి పెట్టండి. సెన్సర్ ఎర్త్‌లో 0.1 వోల్టు, పంపు, మోటారు లాంటి ఎక్కువ కరెంటు లాగే వాటిలో 0.2 దాటితే ఆ దారిలో ఎక్కడో చిలుము ఉంది, లేదా బోల్ట్ వదులైంది. తీగ తొడుగును సూదితో పొడవొద్దు, ఆ రంధ్రంలోంచి తేమ చేరి ఆరు నెలల తర్వాత కొత్త లోపం పుడుతుంది. కనెక్టర్ ముందు వైపు నుంచి లావు ప్రోబ్ దూర్చితే పిన్ను వదులవుతుంది. అలా పుట్టించుకున్న లోపాలు అన్నిటికన్నా కష్టంగా దొరుకుతాయి.

వచ్చిపోయే లోపమైతే లైవ్ డేటా రికార్డు పెట్టి తీగల కట్టను అక్కడక్కడా కదుపుతూ వెళ్లండి. ఏ చోట కదిపినప్పుడు గ్రాఫ్ తెగిపడిందో అక్కడే ఆగండి.

స్కానర్ అసలు కలవకపోతే

సాకెట్‌లో 16వ పిన్ మీద బ్యాటరీ వోల్టేజీ, 4, 5 పిన్నుల మీద ఎర్త్ ఉండాలి. 16లో ఏమీ లేకపోతే ఫ్యూజు చూడండి, చాలా బళ్లలో అది ఛార్జింగ్ సాకెట్ ఫ్యూజుతో కలిసే ఉంటుంది. కరెంటు ఉన్నా మాట్లాడకపోతే బ్యాటరీ తీగ విప్పి, క్యాన్ లైన్లయిన (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే తీగలైన) 6, 14 పిన్నుల మధ్య ఓమ్‌లు కొలవండి. రెండు చివరలా 120 ఓమ్‌ల చొప్పున ఉంటాయి, కలిపి సుమారు 60 రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది. సున్నా దగ్గర ఉంటే రెండు తీగలూ ఒకదానికొకటి తగిలాయి. కొన్ని బళ్లలో సాకెట్‌కూ లోపలి లైన్లకూ మధ్య గేట్‌వే అనే ఇంకో కంప్యూటర్ ఉంటుంది, అక్కడ ఈ అంకెలు వర్తించవు.

ఈసీయూనే అనుమానించాల్సి వస్తే ముందు దాని ఫ్యూజులు, రిలే, ఎర్త్‌లన్నీ కరెంటు పారుతుండగా పరీక్షించండి. కంపెనీ ఆ లోపానికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇచ్చిందేమో కూడా అడగండి.

బాగు చేశాక

ఇప్పుడు కోడ్లు తుడవండి. తుడవగానే రెడీనెస్ మానిటర్లన్నీ, అంటే ఈసీయూ ఒక్కో విభాగాన్ని స్వయంగా పరీక్షించిందా లేదా అని చూపే గుర్తులన్నీ, 'పూర్తి కాలేదు' స్థితికి పోతాయి. వాహన పొగ పరీక్షలో ఈ మానిటర్లు చూసే చోట వెంటనే బండి తీసుకెళ్తే తిప్పి పంపుతారు. లైట్ ఆరిందని పని అయిపోయినట్టు కాదు, ఈసీయూ ఇంకా పరీక్షే పెట్టలేదు. మీరు తుడవకపోయినా లోపం లేకుండా వరసగా 3 డ్రైవ్ సైకిళ్లు గడిస్తే లైట్ ఆరుతుంది, కోడ్ సాధారణంగా 40 వార్మప్ సైకిళ్ల (ఇంజిన్ చల్లబడి మళ్లీ వేడెక్కిన సార్లు) తర్వాత మెమరీ నుంచి పోతుంది.

ఫ్రీజ్ ఫ్రేమ్ నుంచి రాసుకున్న కాగితం ఇక్కడ మళ్లీ తీయండి. అదే వేడి, అదే వేగం, అదే లోడ్ వచ్చేలా బండి నడపండి. చల్లటి స్టార్ట్‌లో పడిన కోడ్‌ను మధ్యాహ్నం వేడి ఇంజిన్‌తో పరీక్షించి లాభం లేదు, రాత్రంతా ఆపి పొద్దున్న చూడాలి. తిరిగొచ్చాక ట్రిమ్ దారిలోకి వచ్చిందా, ఆ విభాగపు మానిటర్ పూర్తయిందా, పెండింగ్‌లో ఏమైనా ఉందా చూడండి. మానిటర్ పూర్తయి, పెండింగ్ ఖాళీగా ఉంటే పనిముట్లు సర్దేయొచ్చు.